కడితం మడతలూ, ల్యాప్‌టాప్ తెర మీద మచ్చలూ

ల్యాప్‌టాప్ వాడే బ్లాగ్మిత్రులకు ఈ సంగతి కొత్త కాదు. యంత్రాన్ని ఆపివేసి, నల్లబడిన తెరను కిటికీ వెలుగుకు కాస్త ఏటవాలుగా పట్టి చూడండి. వరుసలు తీరిన చిన్న చిన్న చదరాలు కనిపిస్తాయి. అడుగున ఒక పొడుగుపాటి గీత ఉంటుంది. అది స్పేస్ మీట. అక్షరాలు మాత్రమే లేని కీబోర్డు ఒకటి తెర మీద అచ్చు పడి ఉంటుంది. కొన్నాళ్ళు మెత్తని గుడ్డతో తుడిస్తే పోతుంది. ఆ తరువాత ఎంత తుడిచినా పోని రోజు వస్తుంది.

ఈ బాధ కంప్యూటరు కంటె చాలా పాతది. రాత ఉండే ముఖాన్ని మడిచి, దాని మీద మరొక ముఖాన్ని మూసి కట్టిపెట్టే అలవాటు ఎక్కడెక్కడ ఉన్నదో అక్కడక్కడల్లా ఈ బాధ ఉండి తీరవలసినదే. మా సీమలోనూ, ఆనుకొని ఉన్న కన్నడ దేశంలోనూ అటువంటి వస్తువు ఒకటి కొన్ని శతాబ్దాల పాటు నిత్యవ్యవహారంలో ఉండేది. దాని పేరు కడితం. కన్నడిగులు కడత అంటారు. వస్తువు మరుగైపోయినా మాట వారి దగ్గర ఇంకా సజీవంగా ఉన్నది. కర్ణాటక ప్రభుత్వ కచేరీలలో ఫైలును నేటికీ కడత అనే అంటారు. మనకు నిఘంటువులో మిగిలినది.

కడితం అంటే నూలుగుడ్డతో చేసిన పలక. ఒక పొడుగాటి గుడ్డపట్టీ తీసుకొని చింతగింజల గంజి పట్టించి, బొగ్గుపొడితో నల్లబరిచి, రెండు వైపులా గట్టిపడేటట్టు ఆరబెడతారు. ఆరిన తరువాత కోయకుండానే సమానమైన మడతలుగా మడుస్తారు. తెరిస్తే పుస్తకంలా రెండు వైపుల నుంచీ తెరుచుకుంటుంది, లాగితే మళ్ళీ ఒకే పొడుగు పట్టీ. దాని మీద బలపంతో రాస్తారు. నల్లని నేల మీద తెల్లని అక్షరం. చెరిపితే చెరిగిపోతుంది, మళ్ళీ రాసుకోవచ్చు.

దీనిని చక్కగా వర్ణించినవాడు మార్క్ విల్క్స్. 1803 నుంచి 1808 వరకు మైసూరులో కంపెనీ రెసిడెంటుగా ఉన్నవాడు. 1810లో అచ్చయిన ఆయన దక్షిణదేశ చరిత్ర మొదటి సంపుటంలో కడితం కొలతలు సైతం ఇచ్చినాడు: వెడల్పు 8 అంగుళాల నుంచి అడుగు దాకా, పొడవు 12 నుంచి 18 అడుగుల దాకా. ధనికుల కడితాలకు రెండు కొసలా రంగులు వేసి మెరుగు పెట్టిన చెక్క అట్టలు, పైన పట్టుసంచీ. సామాన్యుల కడితాలకు ఒక తాడు కట్టు. మైసూరు సీమలో వర్తకులూ అంగళ్ళవారూ అందరూ దీనినే వాడుతున్నారనీ, ఒక వర్తకుని కడితంలో సాక్షుల సంతకాలతో సహా రాసి ఉన్న రుణపత్రాన్ని న్యాయవిచారణలో సాక్ష్యంగా స్వీకరించగా తాను చూచినాననీ చెప్పినాడు. గుడ్డ మీద రాసే పద్ధతి ఈ దేశంలో ఎంత పాతదంటే, అలెగ్జాండరు నౌకాధిపతి నియార్కస్ క్రీస్తు పూర్వం నాలుగవ శతాబ్దంలోనే భారతీయులు బాగా సాపుచేసిన నూలుగుడ్డ మీద ఉత్తరాలు రాస్తారని చెప్పినట్టు గ్రీకు గ్రంథాలలో ఉన్నది. భారతీయ లిపిశాస్త్రం రాసిన జర్మను పండితుడు బ్యూలర్ ఈ సాక్ష్యాన్నీ, కన్నడ వర్తకుల కడితాన్నీ పక్కపక్కనే పెట్టి చూపినాడు. శృంగేరి మఠంలో పాత కడితాలు ఉన్న సంగతి కూడా తెలిసినదే.

ఇప్పుడు మన విషయానికి వద్దాం. బలపంతో నిండా రాసిన పలక మీద మరొక పలకను బోర్లించి, కాస్త నొక్కి, అటూ ఇటూ రెండుసార్లు కదిపి తీసి చూడండి. కింది రాత మసకబారుతుంది. పై పలక మీద అద్దంలో చూచినట్టు తిరగబడిన అక్షరాల నీడ పడుతుంది. కడితంలో ప్రతి మడతా ఎదుటి మడతకు అటువంటి బోర్లించిన పలకే. ఆ పుస్తకాన్ని చంకలో పెట్టుకొని ఊరూరూ తిరిగే వర్తకుని నడకకు ఎన్ని వందల ఒరిపిళ్ళో లెక్క కట్టుకోండి. దీనికి విరుగుడు ఆ పుస్తకం కట్టులోనే ఉన్నది. మడతలు కదలకూడదు. చెక్క అట్టలు రెండూ మడతల బొత్తిని సమానంగా అదిమిపట్టాలి. పైన తాడు బిగువుగా ఉండాలి. ఒత్తిడి ఒక్కటే అయితే కొంచెం పొడి అంటుకొని ఊరుకుంటుంది. ఒత్తిడికి కదలిక తోడైనప్పుడే అక్షరం చెరుగుతుంది. అట్టలు అలంకారం కోసమే అనుకునేవారికి ఈ మాట ఒకసారి గుర్తుచేయవలసి ఉన్నది.

అక్షరం చెరిగితే ఏమవుతుంది? పిల్లవాని పలక అయితే ఏమీ కాదు. కడితంలో ఉన్నది రైతు అప్పు. కరువు సీమలో అప్పు పద్దు అంటే ఏమిటో నేను విడమరచి చెప్పనక్కరలేదు. ధాత నామ సంవత్సరంలో మొదలై 1876 నుంచి 1878 దాకా సాగిన కరువును మా వైపు పెద్దలు ధాత కరువు అని తలుచుకునేవారు. అటువంటి ఏటి అప్పు ఒక తరంలో తీరేది కాదు. నాలుగు అన్న అంకె కాస్త ఒరుసుకుపోతే అది నాలుగో, ఏడో, తొమ్మిదో ఎవరు తేల్చాలి? చదవగలిగినవాడు పద్దు పెట్టినవాడే. మచ్చ ఎవరి వైపు తిరుగుతుందో ఊహించుకోండి. టిప్పు సుల్తాను సర్కారు లెక్కలను కడితాలలో రాయడాన్ని నిషేధించినాడని విల్క్స్ చెబుతాడు. సుల్తాను రెవెన్యూ నిబంధనల ఆంగ్లానువాదంలో క్రిస్ప్ అనే ఆయన ఈ మాటను తాటాకు అని ఊహించి రాయగా, అది తాటాకు కాదు కడితమని విల్క్స్ దిద్దినాడు. పెనుకొండ, మడకశిర ప్రాంతాలు అప్పుడు మైసూరు ఏలుబడిలోనివే కనుక ఆ ఆజ్ఞ మన కరణాలకూ తగిలినదే. కారణం స్పష్టం: చెరిపితే చెరిగే రాతను ప్రభుత్వం నమ్మదు. అయితే విల్క్స్ తన అభిప్రాయం వేరుగా చెప్పినాడు. మేలైన కాగితం మీది రాత కంటె కడితం రాత ఎక్కువ కాలం మన్నుతుందట! ఆయన మాటలో నిజం లేకపోలేదు. చెద పట్టే దేశంలో, తడిస్తే అలికిపోయే సిరాకు, కాలంతో పాలిపోయే సిరాకు, బలపపు రాయి పొడి తీసిపోయేది కాదు. దాని శత్రువు ఒక్కటే, ఒరిపిడి.

తాటాకుకు ఈ బెడద లేదు. గంటంతో ఆకును చీరి, ఆ చీలికలో మసి నింపుతారు. అక్షరం ఆకు ముఖం కంటె లోతున, ఒక గోతిలో ఉంటుంది. పై ఆకు ఒరుసుకున్నా గోతిలోకి దిగలేదు. అయినా ప్రాచీన లేఖకులు నిర్భయంగా లేరు. గ్రంథం చివర వారు రాసుకునే ఒక ప్రసిద్ధ శ్లోకంలో పుస్తకమే నోరు తెరిచి తనను కాపాడమని వేడుకుంటుంది. అది భయపడే వాటిలో నూనె ఉన్నది, నీరు ఉన్నది, వదులుకట్టు ఉన్నది. చివరకు మూర్ఖుని చేయి కూడా ఉన్నది. ఆ నాలుగవదానిని గురించి నేనేమీ అనను. మొదటి మూడూ మాత్రం ల్యాప్‌టాప్‌కు ఒక్కటొక్కటిగా వర్తిస్తాయి.

రాతిపలక మరొక ఉపాయం నేర్పినది. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దుకున్నవారికి దాని చెక్క చట్రం జ్ఞాపకం ఉంటుంది. పలక అంచులు పగలకుండా ఆ చట్రం అనుకుంటాము. అదొక్కటే కాదు దాని పని. చట్రం రాతి ముఖం కంటె కొంచెం ఎత్తుగా ఉంటుంది. పది పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినా చట్రాలే తాకుతాయి, రాతలు తాకవు. తాటాకులో అక్షరానికి దొరికిన గొయ్యి ఇక్కడ పలక మొత్తానికి దొరికినది. చట్రం ఊడిపోయిన పలకలను సంచీలో వేసుకొని వచ్చే పిల్లల ఇంటిపని బడి చేరేసరికి బూడిద పూసినట్టు ఉండడం ఉపాధ్యాయులందరూ చూచినదే. ఆ పిల్లలు పాపం నిజంగా రాసినవారే.

నడుమ ఒక పొర వేయడం మూడవ ఉపాయం. పాత అచ్చుపుస్తకాలలో బొమ్మ ఉన్న పుట మీద పల్చని కాగితం ఒకటి ఉండేది గదా, సిరా ఎదుటి పుటకు అంటకుండా. ధర్మవరం పట్టుచీరను దాచే ఇల్లాండ్రు జరీ మీద జరీ ఒరుసుకోకుండా నడుమ పాత మెత్తని నూలుగుడ్డ పెడతారు, అప్పుడప్పుడు మడత మారుస్తారు. (2022లో జిల్లాలు విడదీసిన తరువాత ధర్మవరం, పెనుకొండ, మడకశిర శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయినవి. నాకింకా అంతా అనంతపురమే.)

ఇక ల్యాప్‌టాప్. తెరను మూతగా చేసి మీటల మీదకు మడిచే పద్ధతి 1982లో వచ్చిన గ్రిడ్ కంపాస్ అనే యంత్రంతో ప్రసిద్ధికెక్కినది. దాని రూపకర్త బిల్ మాగ్రిడ్జ్ అనే ఆంగ్లేయుడు. గుల్లచిప్పలా తెరుచుకొని మూసుకునే ఆ రూపం నలభై ఏళ్ళు దాటినా మారలేదు. కడితం తయారుచేసిన అజ్ఞాత శిల్పి దానిని చూచి ఉంటే వెంటనే ఒక ప్రశ్న వేసి ఉండేవాడు: రెండు ముఖాల నడుమ ఎంత సందు? తెర చుట్టూ రబ్బరు అంచు పెట్టడం, తెర మూలలలో చిన్న రబ్బరు బొడిపెలు పెట్టడం అంతా చట్రం కట్టిన పలక ఉపాయమే. పాతకాలపు దళసరి యంత్రాలలో మూత గట్టిగా ఉండేది, సందూ ధారాళంగా ఉండేది. యంత్రాలు పలుచబడిన కొద్దీ రెండూ తగ్గినవి. మూత మీద ఒత్తిడి పడినప్పుడు అది అరటాకులా లోపలికి వంగుతుంది, తెర నడిమిభాగం మీటలను తాకుతుంది. ముందు చెప్పిన స్పేస్ మీట గీత అట్లా పుట్టినదే.

తాకితే మొదట అంటేది నూనె. వేళ్ళ కొసలలో నూనె గ్రంథులు లేవని శరీరశాస్త్రం చెబుతుంది. మరి మీటల మీద ఆ జిడ్డు ఎక్కడిది? నుదురు, ముక్కు, జుట్టు తాకినప్పుడల్లా వేళ్ళకు అంటి మీటలకు చేరుతుంది. తలకు నూనె రాసుకునే మన అలవాటు ఇందుకు బాగా తోడ్పడుతుంది. మా జిల్లాలో ఇంకొకటి ఉన్నది, చెప్పక తప్పదు: వేయించిన శనక్కాయలు నములుతూ టపా రాయడం. దేశానికి నూనె ఇచ్చిన పంట ల్యాప్‌టాప్ తెరకు మాత్రం ఇవ్వదా!

జిడ్డు ఒక్కటే అయితే భయం లేదు, తుడిస్తే పోతుంది. ఆ జిడ్డు దుమ్మును పట్టి ఉంచుతుంది. ఇక్కడ మా పీఠభూమి సంగతి కొంచెం చెప్పాలి. సాలీనా సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. నైరుతి రుతుపవనం ఇక్కడికి వచ్చేసరికి మేఘం ఖాళీ, గాలి మాత్రం నిండుగా ఉంటుంది. ఆ గాలి ఎంతటిదంటే, దానిని నమ్ముకొని 1990లలో రామగిరి కొండల మీద గాలిమరలు నాటినారు. అదే గాలి కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు హగరి నది ఇసుకను లేపి పొలాల మీద దిబ్బలుగా పోస్తుంది. తలుపులు వేసి ఉన్నా సాయంత్రానికి బల్ల మీద వేలితో పేరు రాయవచ్చు.

ఆ దుమ్ములో ఉన్నది ఏమిటి? మా ఎర్రనేలలు గ్రానైటు జాతి రాళ్ళు శిథిలమై ఏర్పడినవి. వాటిలో క్వార్ట్జ్ రేణువు ఉంటుంది, అంటే మన పలుగురాయి పొడి. 1812లో మోస్ అనే ఖనిజశాస్త్రజ్ఞుడు రాళ్ళ కాఠిన్యానికి 1 నుంచి 10 దాకా ఒక మెట్ల వరుస ఏర్పరచినాడు. ఏ మెట్టు మీది రాయి అయినా తన కింది మెట్టు దానిని గీయగలదు. బలపపు రాయిలో ప్రధానమైన టాల్క్‌ది మొదటి మెట్టు. గోటిది రెండున్నర. మామూలు గాజుది ఐదున్నర ప్రాంతం. పలుగురాయిది 7. కడితానికీ ల్యాప్‌టాప్‌కూ ఉన్న అసలు తేడా నాకు ఈ అంకెలలోనే కనిపించినది. కడితం మీద ఒరుసుకునేది లోకంలోకెల్లా మెత్తని రాయి. అది అంటుతుంది, చెరుగుతుంది, పలకకు గాయం చేయదు. మళ్ళీ రాసుకుంటే సరి. తెర మీద ఒరుసుకునేది తెర కంటె గట్టి రాయి. మీటకూ తెరకూ నడుమ చిక్కిన ఒక్క ఇసుక రేణువు, సంచీ ఊగుతున్న బస్సు ప్రయాణంలో, గీత గీసి వదులుతుంది. గాజు తెర కాస్త ఓర్చుకుంటుంది. పైన మెత్తని ప్లాస్టిక్ పొర ఉండే తెరలు అసలు ఓర్చుకోలేవు. గాజు తెరలకూ మెరుపును తగ్గించే ఒక సన్నని పూత ఉంటుంది. అది మీటలు తాకిన చోట్ల అరిగి, పొరలు పొరలుగా లేచిపోయిన ఉదంతం 2015లో యాపిల్ సంస్థ యంత్రాలలో పెద్ద చర్చకు వచ్చినది. ఆ సంస్థ అటువంటి తెరలను ఉచితంగా మార్చి ఇచ్చినది కూడా.

కాబట్టి తుడవడంలో ఒక క్రమం ఉన్నది. ముందు దుమ్ము, తరువాత జిడ్డు. దుమ్ము ఉండగా గుడ్డతో రుద్దితే మనమే తెర మీద ఇసుక కాగితం పట్టినట్టు. యంత్రం ఆపి, తీగ పీకి, మెత్తని కుంచెతో కానీ గాలి ఊది కానీ దుమ్ము తీయాలి. ఆ తరువాత మైక్రోఫైబర్ గుడ్డను కొద్దిగా తడిపి, అదమకుండా తుడవాలి. నీటిని తెర మీద చల్లకూడదు, గుడ్డకే పట్టించాలి. కిటికీ అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రవాలు తెర పూతను తింటాయి, వద్దు. మా బోరునీరు కూడా వద్దు. అందులోని ఉప్పులు ఆరిన తరువాత తెల్లమచ్చలుగా మిగులుతాయి. బ్యాటరీలలో పోసే డిస్టిల్డ్ వాటరు సీసా ఏ అంగట్లోనైనా దొరుకుతుంది, అది ఏడాదికి సరిపోతుంది. తెర కంటె ఎక్కువసార్లు తుడవవలసినవి మీటలు. మచ్చ పుట్టేది అక్కడే గదా.

నడుమ పొర సంగతి కాస్త జాగ్రత్తగా ఆలోచించవలసినది. కొత్త ల్యాప్‌టాప్ పెట్టె విప్పినప్పుడు మీటల మీద ఒక పల్చని మెత్తని ఆకు ఉంటుంది. పెట్టెతో పాటు దానినీ పారవేస్తాము. దాచుకోండి. కర్మాగారం వారు ఆ సందుకు కొలిచి చేసిన పొర అది. అది లేకపోతే పల్చని మైక్రోఫైబర్ గుడ్డను మీటల మేరకే కత్తిరించి పరచవచ్చు, మడతబందు వైపు పోకుండా. కానీ పలుచని యంత్రాలలో పొరే ముప్పు కావచ్చు. 2020లో యాపిల్ సంస్థ కెమెరా మీద మూతలు అంటించి ల్యాప్‌టాప్ మూయవద్దని హెచ్చరించినది, తప్పదనుకుంటే 0.1 మిల్లీమీటరు కంటె, అంటే మామూలు కాగితం మందం కంటె ఎక్కువ ఉండకూడదన్నది. సందు అంత ఇరుకన్నమాట. మూత మూసేటప్పుడు కొంచెమైనా ఎదురుతన్నితే ఆ గుడ్డ తీసివేయాలి. దళసరి సిలికోను తొడుగులు మీటల మీద వేసి అట్లాగే మూసేవారు తెరకు మేలు చేస్తున్నామనే భ్రమలో ఉన్నారు. ఇంకొక మాట, ఆ గుడ్డను వారానికొకసారి ఉతకాలి. మా గాలిలో ఉతకని గుడ్డ అంటే ఇసుక నింపిన గుడ్డే.

ప్రయాణంలో కడితం నియమమే నియమం: కదలకూడదు, ఒకే చోట ఒత్తిడి పడకూడదు. యంత్రానికి సరిగ్గా అమరే తొడుగు చెక్క అట్టలకు బదులు. చార్జరు మొద్దును మూత వైపు పెట్టి, దాని మీద నాలుగు పుస్తకాలు తోసి, బస్సు పైఅరలో పడవేస్తే ఏ గుడ్డా కాపాడలేదు. మూసిన ల్యాప్‌టాప్‌ను ఒక్క చేత్తో నడుమ నొక్కి పట్టుకొని నడిచే అలవాటు కూడా మానుకోవాలి.

బ్లాగ్మిత్రులకు ఒక విన్నపం. 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసినది. సర్కారుకు అప్పగించిన లెక్కలు పోగా పాత కరణాల ఇళ్ళలో, పాత అంగళ్ళలో నల్లని గుడ్డకట్టలు అటకల మీద ఉండవచ్చు. మసిగుడ్డ అనుకొని వాటిని పారవేయడం జరుగుతుంది. అటువంటిది మీ కంట పడితే ముందు తాడు విప్పవద్దు. దులపవద్దు, తడిగుడ్డ తాకించవద్దు. బోర్లా తిప్పకుండా, ఉన్నది ఉన్నట్టుగా ఒక చెక్కపలక మీదకు తీసుకోండి. మడతలను ఒకదాని మీద ఒకటి జరపకుండా, పుట తిప్పినట్టు నిటారుగా లేపి, ఒక్కొక్క మడతకూ అప్పటికప్పుడే ఫొటో తీయండి. ఎదుటి మడత మీద పడిన తిరగబడిన నీడను కూడా వదలవద్దు. అసలు రాత చెరిగిన చోట ఆ నీడను అద్దంలో చూచి చదివితే అంకె దొరకవచ్చు. ఫొటోలు నాకు పంపితే, అక్షరం పోల్చడంలో చేతనైన సాయం చేస్తాను.